గుర్రం జాషువా గురించి మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఏటా సెప్టెంబరు 28, అంటే కవి జాషువా గారి పుట్టినరోజు, దగ్గర పడేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి. పిల్లాడికి స్కూల్లో ఉపన్యాసం ఉంది నాలుగు ముక్కలు చెప్పండి అని ఒకరు, క్విజ్ ఉంది అని ఒకరు, హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యం అసలు ఎవరిదో తేల్చండి అని ఇంకొకరు. చాలా ఏళ్ళుగా జాషువా పద్యాలు చదువుతున్నాను, చదివిస్తున్నాను, కాబట్టి చెప్పడం ఇష్టమే. కానీ ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## పుట్టుక, చదువు

జాషువా ఎక్కడ పుట్టారు? గుంటూరా, వినుకొండా?

వినుకొండ. 1895 సెప్టెంబరు 28న పుట్టారు. ఆ ఊరు 1904 నుంచి చాలాకాలం గుంటూరు జిల్లాలో ఉండేది కాబట్టి పాత పుస్తకాల్లో గుంటూరు జిల్లా అని ఉంటుంది, 2022లో జిల్లాలు విడదీశాక పల్నాడు జిల్లాలోకి వచ్చింది. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గుంటూరు పట్నంలో గడిచింది, పోయింది కూడా అక్కడే, అందుకే ఈ గందరగోళం.

అమ్మానాన్నలది ఏ కులం? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు

తండ్రి వీరయ్య యాదవులు, తల్లి లింగమ్మ మాదిగ. ఇల్లు క్రైస్తవం పుచ్చుకుంది. అంటే ఆ పిల్లవాడికి రెండు వైపులా తలుపులు మూసుకుపోయాయి. ఊరు అంటరానివాడంది, మతం మారినా అంటరానితనం మారలేదు. బళ్ళో తోటి పిల్లల దగ్గరా పంతుళ్ళ దగ్గరా పడిన మాటలు ఆయన జీవితాంతం మర్చిపోలేదు. తనకు ఇద్దరు గురువులని, ఒకరు పేదరికమైతే రెండోది కులమతభేదమని ఆయన అన్నమాట చాలామంది ఉదహరిస్తారు. మొదటిది సహనం నేర్పిందట, రెండోది ఎదిరించే శక్తిని పెంచిందట.

క్రైస్తవుల ఇంట్లో పుట్టినాయనకి సంస్కృతం ఎలా వచ్చింది?

పట్టుబట్టి నేర్చుకున్నారు కాబట్టి వచ్చింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు మేఘదూతం (మేఘసందేశం అన్నా ఇదే), రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. తర్వాత ఉభయభాషా ప్రవీణ కూడా పూర్తిచేశారు, ఉభయభాష అంటే తెలుగు, సంస్కృతం రెండూ. ఇది మామూలు విషయం అనుకోకండి. ఆ రోజుల్లో ఆ కులంలో పుట్టినవాడు గుడి మెట్టెక్కలేడు, అగ్రహారం వీధిలో నడవలేడు, అలాంటిది కాళిదాసుని గురుముఖంగా చదివారు. నాకు జాషువా గారిలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే అనిపిస్తుంది: నీది కాదు పొమ్మన్న పద్యాన్నే పట్టుకుని, పొమ్మన్నవాళ్ళు ముక్కున వేలేసుకునేలా రాశారు. ఇలా చెప్తున్నామంటే నేర్పిన శాస్త్రి గారిని కూడా తలుచుకోవాలి.

మొదట జంటకవిగా రాద్దామనుకున్నారట, నిజమేనా?

నిజమే. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి గారితో కలిసి జంటకవిత్వం చెప్పాలనుకున్నారు. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు కవులు ఊరూరా వెలుగుతున్న కాలం, కుర్రకవులందరికీ ఆ ఊపు ఉండేది. రెండు పేర్లు కలిపితే కుదరలేదని ఆ ఆలోచన మానుకున్నారని చెబుతారు. ఆ తర్వాత ఇద్దరూ ఎవరి దారిన వారు మంచి కవులయ్యారు.

సభలోంచి వెళ్ళగొట్టారన్న కథ నమ్మొచ్చా?

వినుకొండలో ఒక అవధాన సభలో ఆయన లేచి పద్యాలు చదివితే, ఇతన్ని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు అవమానించిన మాట జీవితచరిత్రల్లో ఉంది. నోటిమాటగా తిరిగే రూపాల్లో కొంత పెంచి చెప్తుంటారు, ఉపన్యాసాల్లో ఆ మసాలా వద్దు. ఉన్నది చాలు, వినేవాళ్ళకి గుండె బరువెక్కడానికి.

## బతుకుతెరువు

జాషువా సినిమాల్లో పనిచేశారా?

నటుడిగా కాదు. 1915-16లో రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశారు. అంటే ఏంటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. అప్పటికి బొమ్మకి మాట లేదు. తెర మీద బొమ్మ కదులుతుంటే, పక్కన ఒక మనిషి కథ చెబుతూ, పాత్రల మాటలు చదువుతూ ఉండాలి. తెలుగులో మాటలొచ్చిన మొదటి సినిమా 1932లో గాని రాలేదు, ఈ పని దానికి పదహారేళ్ళ ముందుది. ఆయన పద్యాలు పైకి చదివితే వచ్చే ఆ నాటకీయత, ఆ ఆగి ఆగి చెప్పే తీరు చూసినప్పుడల్లా, చీకట్లో జనం ముందు గొంతుతో కథ నడిపిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు నాకు. ఇది నా ఊహే, ఆయన ఎక్కడా అలా రాయలేదు.

ఏయే ఉద్యోగాలు చేశారు? వరసగా కావాలి, క్విజ్‌కి

మొదట మిషన్ బళ్ళో పంతులు, జీతం నెలకి 3 రూపాయలు. అప్పటికే పెళ్ళయింది, 1910లో, పదిహేనేళ్ళకే. భార్య పేరు మేరీ, మరియమ్మ అని కూడా అంటారు. ఆ ఉద్యోగం పోయాకే రాజమండ్రి వెళ్ళి సినిమా వాచకుడయ్యారు. తర్వాత గుంటూరు లూథరన్ చర్చి వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో దాదాపు పదేళ్ళు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులో తెలుగు పండితుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడిగా కూడా చేశారు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత.

ఇది చదివి కొంతమంది "యుద్ధ ప్రచారం ఎందుకు చేశారు, అది బ్రిటిష్ వాళ్ళది కదా" అని నిలదీస్తారు. ఇల్లు గడవాలి కదండీ. జమీందారు పోషణ లేదు, పొలం లేదు. ఆ తర్వాత నేతాజీ మీదా గాంధీగారి మీదా కావ్యాలు రాసింది కూడా ఇదే మనిషి.

చర్చి వాళ్ళకీ ఆయనకీ గొడవేంటి?

రాసిన వస్తువే గొడవ. తొలి రచనల పేర్లు చూడండి: రుక్మిణీ కల్యాణం, కుశలవోపాఖ్యానం, ధ్రువ విజయం. క్రైస్తవుడై ఉండి పురాణాలు రాస్తావా అని అటువైపు కోపం. నీకు పురాణాలెందుకని ఇటువైపు ఎగతాళి. ఆయన రెండు వైపులా మాటలు పడ్డారు, కలం మాత్రం ఆపలేదు.

చివరికి ఆయన క్రైస్తవుడా, హిందువా?

ఈ ప్రశ్నకి ఆయనే ఒక ఆటవెలదిలో జవాబు చెప్పేశారు. కులమతాలు గీసిన గీతల్లో, పంజరంలో తాను కట్టుబడనని చెప్పి, "విశ్వనరుడ నేను" అన్నారు. శివుడికి మొర పెట్టుకునే కావ్యం రాశారు, క్రీస్తు జీవితాన్ని పద్యాల్లో రాశారు, ముంతాజ్ మహల్ రాశారు. ఆయన్ని ఒక డబ్బాలో పెట్టి మూత వేయాలని చూడకండి.

## కావ్యాలు

మొత్తం ఎన్ని పుస్తకాలు రాశారు?

36 గ్రంథాలని సాధారణంగా లెక్క చెప్తారు. ఇవి కాక విడి పద్యాలూ, ఖండికలూ (ఒక్కో విషయం మీద రాసిన చిన్న పద్యకావ్యాలు) చాలా ఉన్నాయి. ఖండకావ్యాలు ఏడు భాగాలుగా వచ్చాయి. ఆత్మకథ "నా కథ" కూడా పద్యాల్లోనే రాశారు.

గబ్బిలమే ఎందుకు? హంసో చిలకో దొరకలేదా?

గబ్బిలం మొదటి భాగం 1941లో వచ్చింది. దక్షిణదేశంలో ఒక పేదవాడు, కవి అతన్ని అరుంధతీసుతుడు అంటాడు, అంటే మాదిగవాడు. పొద్దంతా చాకిరీ చేసి రాత్రి గుడిసెలో పడుకోబోతుంటే ఒక గబ్బిలం లోపలికి వస్తుంది. మన ఊళ్ళలో గబ్బిలం ఇంట్లో దూరితే అశుభం అంటారు, తరిమేస్తారు. అతను తరమడు. దాన్ని కూర్చోబెట్టుకుని తన కష్టం చెప్పుకుని, కాశీలో ఉన్న శివుడికి ఈ మాట చేర్చమంటాడు.

కావ్యాల్లో కబురు మోసే హంసా చిలకా రాజుల ఇళ్ళలో తిరిగేవి. గబ్బిలం అలా కాదు, దాన్నీ ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. కానీ గుళ్ళో మాత్రం దానికి చోటుంది! గర్భగుడి కప్పుకి తలకిందులుగా వేలాడుతుంది. గుడి కట్టడానికి రాళ్ళు మోసినవాడికి లేని ప్రవేశం ఆ పిట్టకి ఉంది. నువ్వు గుళ్ళో వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు కొంచెం దగ్గరగా ఉంటుంది, "పూజారి లేనివేళ" నా జీవితం గురించి చెప్పు అంటాడు. ఈ రెండు మాటల దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. దేవుడి మీద అతనికి కోపం లేదు, మధ్యలో నిలబడ్డవాడంటేనే భయం. ఎంత శాస్త్రం చదివినా, ఎన్ని ఉపన్యాసాలు విన్నా అంటరానితనం గురించి ఇంత తక్కువ మాటల్లో ఇంత చెప్పింది నాకు కనబడలేదు.

కర్మ అనే మాట చెప్పి నా నోరు కట్టేసి నా తిండి వాళ్ళు తింటున్నారు, ఆ కర్మ ఏంటో, దానికి నా మీద ఈ పగ ఏంటో ఈశ్వరుడి చేతే రుజువు చేయించమని అదే గబ్బిలాన్ని అడుగుతాడు. చెమటోడ్చి లోకానికి అన్నం పెట్టేవాడికి "భుక్తి లేదు" అంటాడు. నాలుగు వర్ణాలని నాలుగు పడగల పాముగా చూపించిన పద్యం కూడా ఇందులోదే.

గబ్బిలం మేఘసందేశానికి కాపీ కదా?

కాపీ కాదు. వరస తీసుకున్నారు, అదీ దాచిపెట్టకుండా. కాళిదాసు యక్షుడికి భార్య మీద బెంగ, మేఘం చేత కబురు పంపుతాడు. ఇక్కడ పంపేది ఆకలి కబురు. చదువుకున్నవాళ్ళందరికీ కంఠస్థంగా ఉన్న కావ్యం పద్ధతినే తీసుకుని, అందులో విరహం తీసేసి ఆకలి పెట్టారు. ఆ చదువుకున్నవాళ్ళు వినక తప్పని భాషలో చెప్పాలనే అలా చేశారని నేననుకుంటాను.

"ఇచ్చోటనే" పద్యం బలిజేపల్లి వారిదా, జాషువాదా?

జాషువా గారిదే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వస్తే నటుడు "ఇచ్చోటనే", "ఎన్నో యేండ్లు గతించిపోయినవి గానీ" అని అందుకుంటాడు, జనం వన్స్ మోర్ అంటారు, కాబట్టి అందరూ నాటకంలోవే అనుకుంటారు. ఇవి జాషువా గారి శ్మశానవాటి ఖండికలోవి. స్టేజి మీద కాటిసీనుకి అతికినట్టు ఉన్నాయని నటులు చేర్చుకున్నారు. డి.వి.సుబ్బారావు గారి గొంతులో విన్నవాళ్ళు ఈ జన్మకి మర్చిపోలేరు. శ్మశానం దగ్గర రాజూ పేదా ఒకటే అనే మాటని ఒక అంటరానివాడు రాశాడని తెలిశాక, అవే పద్యాలు వేరుగా వినిపిస్తాయి. నాటకం వేసేవాళ్ళకి ఒక మనవి: కరపత్రంలో ఒక్క లైనులో ఆయన పేరు వేయండి.

పుష్పవిలాపం రాసింది జాషువానే కదా?

కాదు. అది కరుణశ్రీ, అంటే జంధ్యాల పాపయ్యశాస్త్రి గారిది. ఇద్దరూ గుంటూరు వైపు వాళ్ళే, ఇద్దరివీ మెత్తని పద్యాలే, జాషువా గారికి పాపాయి మీద ఖండిక ఉంటే కరుణశ్రీ గారి పేరులోనే పాపయ్య ఉంది, అలా కలిసిపోతుంటాయి.

ఫిరదౌసి పర్షియా కవి కదా, ఆయన మీద ఈయనకెందుకు మనసు పోయింది?

షానామా రాసిన కవి. గజనీ మహమ్మదు పద్యానికో బంగారు నాణెం ఇస్తానని చెప్పి, ముప్పై ఏళ్ళ చాకిరీ అయ్యాక వెండి చేతిలో పెట్టాడన్నది ఐతిహ్యం. తర్వాత సుల్తాను పశ్చాత్తాపపడి బంగారం పంపేసరికి కవి ఇంట్లోంచి శవం బయటికి వెళ్తోంది. జాషువా 1932లో ఈ కథని కావ్యం చేశారు. మాట ఇచ్చి తప్పినవాణ్ణి ఏమీ చేయలేక, మసీదు గోడ మీదో కాగితం మీదో పద్యం రాసుకోవడం తప్ప ఇంకో ఆయుధం లేనివాడి బాధ అది. 3 రూపాయల జీతంతో మొదలైన పంతులుకి ఆ బాధ పరాయిది కాదు. నా మటుకు నాకు గబ్బిలం తర్వాత ఇదే.

"రాజు మరణించె నొక తార రాలిపోయె" ఎవరిది?

జాషువా గారిదే, తేటగీతి. రాజు రాతి బొమ్మల్లో బతుకుతాడు, మంచి కవి జనం నాలుకల మీద బతుకుతాడు అంటుంది. సంతాప సభల్లో అందరూ చదువుతారు, పేరు మాత్రం చెప్పరు.

కులం అడిగితే బాకుతో పొడిచినట్టుంది అన్న పద్యం సందర్భం ఏంటి?

"నా కవితావధూటి" అని మొదలయ్యే ఉత్పలమాల. ఒకాయన జాషువా గారి కవిత్వం విని, బాగుందని మెచ్చుకుని, మీదే కులం అని అడిగి, చెప్పగానే చివాలున లేచి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో ఒక రాజుకి చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. రైల్లో జరిగిందని, ఫలానా సంస్థానం మనిషని రకరకాలుగా చెప్తారు. పద్యంలో మాత్రం ఊరూ పేరూ లేవు, వాటి అవసరం కూడా లేదు. ఆయన సిగ్గుపడుతున్నది తన కులానికి కాదని గమనించండి, ఈ మాట నోటితో చెప్పుకోవాల్సి వచ్చినందుకు సిగ్గుపడుతున్నారు. చిన్నపిల్లలకి వివరించేటప్పుడు చాలామంది ఇక్కడే తప్పు చెప్తున్నారు.

ఆయన్ని దళిత కవి అనొచ్చా?

అనొచ్చు, అనాలి కూడా, ఆ బాధ ఆయన సొంతం. కానీ అక్కడే ఆగిపోతే సాలీడు మీద, గిజిగాడు గూడు మీద, పసిపాప మీద ఆయన రాసినవి ఎవరు చదువుతారు? నవమాసాలూ తిండీ నీళ్ళూ లేకుండా ప్రయాణం చేసి వచ్చిన "పురిటింటి బాటసారి" అని పుట్టిన బిడ్డని పిలిచినాయన ఆయన. కన్నబిడ్డని ఎత్తుకున్న ప్రతి ఇంటికీ చెందిన మాట అది.

## సత్కారాలు, కుటుంబం

గండపెండేరం ఎవరు తొడిగారు?

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు. గండపెండేరం కవి కాలికి తొడిగే కడియం, పెద్దనకి కృష్ణదేవరాయలు తొడిగాడని చెప్పుకుంటాం కదా, ఆ మర్యాద. అది తొడగాలంటే వంగి కాలు పట్టుకోవాలి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరు, ఆ రోజుల్లో పద్యానికి పెద్దదిక్కు, ఆ బ్రాహ్మణ పండితుడు జాషువా కాలు పట్టుకున్నారు. సభలోకి ఎవరు రానిచ్చారని అడిగిన లోకంలోనే ఇదీ జరిగింది.

జ్ఞానపీఠం వచ్చిందా?

రాలేదు. తెలుగుకి మొదటి జ్ఞానపీఠం 1970 సంవత్సరానికి విశ్వనాథ సత్యనారాయణ గారిది. జాషువా గారికి క్రీస్తు చరిత్రకి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అదే ఏడాది శాసనమండలి సభ్యుడయ్యారు. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ, అదే ఏడాది పద్మభూషణ్.

బిరుదులు ఏంటి?

కవికోకిల, నవయుగ కవిచక్రవర్తి, మధుర శ్రీనాథ, విశ్వకవి సమ్రాట్, ఇలా చాలా ఉన్నాయి. ఉపన్యాసంలో అన్నీ చదవకుండా రెండు చాలు.

హేమలతా లవణం ఆయన కూతురేనా?

అవును. 1932లో పుట్టారు, 2008లో పోయారు. నాస్తికోద్యమం నడిపిన గోరా గారి అబ్బాయి లవణంని పెళ్ళి చేసుకున్నారు. స్టువర్టుపురంలో నేరస్తులన్న ముద్ర పడిన కుటుంబాల మధ్య, జోగినుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. నాన్నగారి పేరు మీద జాషువా ఫౌండేషన్ పెట్టి కవులకి పురస్కారాలు ఇచ్చారు. తండ్రి పద్యంలో అడిగినదాన్ని కూతురు ఊళ్ళలో తిరిగి చేశారని నాకనిపిస్తుంది.

ఎప్పుడు పోయారు? విగ్రహం ఎక్కడుంది?

1971 జూలై 24, గుంటూరు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఉంది.

## చదవడం మొదలుపెట్టేవాళ్ళకి

దేనితో మొదలుపెట్టాలి?

గబ్బిలంతో కాదు. ముందు పాపాయి, సాలీడు, గిజిగాడు లాంటి చిన్న ఖండికలు చదవండి, స్కూల్లో ఎప్పుడో చదివినవి ఒకటో రెండో తగులుతాయి కూడా. తర్వాత శ్మశానవాటి, దాని తర్వాత ఫిరదౌసి. అప్పటికి చెవికి ఆ నడక అలవాటవుతుంది, గబ్బిలం చేతికి తీసుకోవచ్చు.

పద్యం అంటేనే టెన్షన్, అర్థం కాదు. వచనంలో చదివితే సరిపోదా?

కథ తెలుస్తుంది, కానీ జాషువా దొరకరు. ఒక పని చేయండి. పద్యాన్ని కళ్ళతో చదవకుండా గట్టిగా పైకి చదవండి, రాగం రాకపోయినా పర్వాలేదు. ఆయన మాటలు మరీ కఠినం కావు, మనల్ని తికమక పెట్టేది సంధి. "మరణించె నొక" అని ఉంటే మరణించె, ఒక అని విడదీసుకోవాలి, అంతే. పెన్సిల్‌తో అలా గీత గీసుకుంటూ నాలుగు పద్యాలు చదివితే ఐదోది దానంతటదే విడిపోతుంది. తెలియని మాట వస్తే నిఘంటువు కోసం ఆగకండి, పద్యం చివరిదాకా వెళ్ళి అప్పుడు వెనక్కి రండి.

అమెరికాలో మా పిల్లలకి తెలుగు మాట్లాడటమే అంతంతమాత్రం. వాళ్ళకి ఏ పద్యం నేర్పొచ్చు?

సాలీడు. నూలు తయారుచేసే మర నీలో లేదు, రాట్నాలు లేవు, మరి ఈ దారం ఎక్కడిది అని సాలీడుని అడిగే పద్యం. ముందు గోడ మూల గూడు చూపించండి, ఆ ప్రశ్న పిల్లల్నే అడగనివ్వండి, అప్పుడు పద్యం చెప్పండి. నేను నేర్పిన పిల్లల్లో ఎక్కువమంది రెండు రోజుల్లో పట్టేశారు, ఒక పాప అయితే నెల రోజుల పాటు వాళ్ళమ్మని ఆ గూడు దులపనివ్వలేదు.